మూత తెరుచుకోని పనిముట్టు

పత్రిక లేనిదే కథానిక లేదని, అచ్చు యంత్రం రానిదే నవల లేదని మనం తరగతి గదుల్లో పాఠం చెబుతాం. సాహిత్య రూపానికీ, దాన్ని మోసే పనిముట్టుకూ వున్న సంబంధాన్ని గుర్తించడం మన విమర్శకు కొత్త కాదు. అయితే గడిచిన శతాబ్దాల అచ్చు గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడే మనం, ఇవాళ మన కథలూ వ్యాసాలూ సిద్ధాంత గ్రంథాలూ పుడుతున్న పనిముట్టు దగ్గరకు వచ్చేసరికి "అది ఇంజనీర్ల వ్యవహారం" అని పక్కకు తప్పుకుంటున్నాం. ఈ తప్పుకోవడానికి మనం ఏం చెల్లిస్తున్నామో నాకు నిరుడు తెలిసివచ్చింది.

మా బడిలో నాతో పనిచేసే మిత్రుడి కూతురు తెలుగులో పరిశోధన చేస్తోంది. ఆమె ల్యాప్‌టాప్ లక్ష రూపాయలకు పైన పెట్టి కొన్నది. నాలుగేళ్లు నిండకుండానే ఒక ఉదయం వెలగడం మానేసింది. లోపల సిద్ధాంత వ్యాసం మూడు అధ్యాయాలు. కంపెనీ సర్వీసు సెంటరువాళ్లు బోర్డు మొత్తం మార్చాలన్నారు. దానికి చెప్పిన ఖర్చుతో మామూలు రకం కొత్త యంత్రమే వస్తుంది. మార్చినా లోపలి రాతకు తమ పూచీ లేదన్నారు. చివరికి నన్ను వెంటబెట్టుకుని సికిందరాబాదు పార్క్‌లేన్‌కు వచ్చింది. "చిప్ లెవెల్ సర్వీస్" బోర్డులు వేలాడే ఆ దుకాణాల వరుసలో ఒక కుర్రాడు అడుగు మూత విప్పి, దీపం దగ్గరకు లాక్కుని చాలాసేపు చూశాడు.

"హార్డ్ డిస్క్ తీసి వేరేదానికి తగిలించి నా ఫైళ్లు ఇయ్యలేవా అన్నా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"హార్డ్ డిస్క్ అని విడిగా వుంటే కదక్కా! బోర్డు మీదనే అతికించి వుంది. ర్యామ్ కూడా అంతే. బోర్డు పోతే అన్నీ పోయినట్టే" అన్నాడు.

నా సంచిలో అప్పుడు నా పాత నల్ల థింక్‌ప్యాడ్ వుంది. అదే సందులో సెకండ్‌హ్యాండ్‌కు కొన్నది. దానికి రెండుసార్లు బ్యాటరీ, ఒకసారి కీబోర్డు, ఒకసారి హార్డ్ డిస్క్ మార్చాను. ర్యామ్ నేనే ఇంట్లో కూర్చుని పెంచుకున్నాను. నేను తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి, చేతిపని తెలిసినవాణ్ణి కాను. నాలాంటివాడికి లొంగిన పాత యంత్రం ఒకటి, పదేళ్ల అనుభవం వున్న పనివాడికి లొంగని కొత్త యంత్రం ఒకటి ఒకే బల్ల మీద పక్కపక్కనే వున్నాయి. ఎక్కువ ధర పెట్టినదే బాగుచేయడానికి వీల్లేనిది ఎందుకయింది? దీనికి ఒక చరిత్ర వుంది. ఆ చరిత్రంతా అమెరికాలో, అక్కడి కంపెనీల గదుల్లో జరిగింది. ఫలితం మాత్రం పార్క్‌లేన్ దాకా వచ్చింది.

1977లో ఆపిల్ కంపెనీ తెచ్చిన ఆపిల్-2 యంత్రానికి పైమూత చేత్తోనే వచ్చేసేది. లోపల అదనపు కార్డులు పెట్టుకునేందుకు ఎనిమిది గాళ్లు. యంత్రాన్ని రూపొందించిన స్టీవ్ వోజ్నియాక్ ఎనిమిదీ వుండాలన్నాడు. భాగస్వామి స్టీవ్ జాబ్స్ రెండు చాలన్నాడు. అప్పటికి వోజ్నియాక్ మాటే నెగ్గింది. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసినప్పుడు, దానితో పాటు ఒక సాంకేతిక గ్రంథాన్నీ అమ్మకానికి పెట్టింది. అందులో బోర్డు మీది తీగల పటాలన్నీ వున్నాయి. యంత్రం నిద్రలేవగానే నడిచే తొలి ప్రోగ్రాము పాఠం కూడా వరుసవరుసగా అచ్చయి వుంది. దీన్ని ఐబీఎం ఔదార్యంగా భావించనక్కర లేదు. ఇతరులు తన యంత్రానికి కార్డులూ ప్రోగ్రాములూ తయారు చేస్తేనే తన అమ్మకాలు పెరుగుతాయన్నది దాని లెక్క. లెక్క ఏదైతేనేం, యంత్రం లోపలి సంగతి కొన్నవాడికి తెలియదగినదే అన్న సూత్రం ఒకటి స్థిరపడింది. ఆ సూత్రం మీదనే మన వూళ్లలో కంప్యూటర్ "అసెంబుల్" చేసే కుర్రాళ్లు బతికారు. ఒక తరం తెలుగు డీటీపీ కేంద్రాలు నడిచాయి. లఘుపత్రికలు చాలామటుకు ఆ అసెంబుల్డ్ డబ్బాల మీదే కంపోజయ్యాయి. ఒకదాని పవర్ సప్లై మరొకదానికి పెట్టి సంచికను గట్టెక్కించిన సంపాదకులు మనలో ఇంకా వున్నారు.

దీనికి ఎదురు సూత్రం 1984 జనవరిలో మాకింతోష్‌తో వచ్చింది. అందులో అదనపు గాళ్లు లేవు. జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు మాత్రమే, అదీ బోర్డుకే అతికి వుంటుంది. డబ్బా విప్పాలంటే మామూలు ఇళ్లలో దొరకని నక్షత్రపు మొనతో, అందులోనూ పొడుగుపాటి స్క్రూ డ్రైవరు కావాలి. ఇక్కడ సాహిత్య విద్యార్థులు గమనించదగిన విచిత్రం ఒకటుంది. ఆ డబ్బా లోపలి గోడ మీద, దాన్ని తయారు చేసిన బృందం సంతకాలు పోతపోసి వున్నాయి. కళాకారులు తమ పనిమీద సంతకం చేయాలన్నది జాబ్స్ కోరిక. యంత్రాన్ని కళాఖండంగా భావించడం మంచిదే. కాని ఆ సంతకాలు చూడాలంటే, కొన్నవాడు తెరవకూడదనుకున్న మూతనే తెరవాలి! అదే బృందంలో బోర్డును గీసిన బరెల్ స్మిత్ అనే ఇంజనీరు, రేపు పెద్ద చిప్పులు వస్తే 512 కిలోబైట్ల దాకా మార్చుకునే వీలును పైవాళ్లకు తెలియకుండా బోర్డులో వుంచాడు. పని తెలిసినవాడి మనసు ఎటు మొగ్గుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఒళ్లో పెట్టుకునే యంత్రాలు వచ్చాక కొంతకాలం మొదటి సూత్రమే నిలబడింది. 1992లో వచ్చిన తొలి థింక్‌ప్యాడ్ 700సి రూపం రిఖార్డ్ సాపర్ అనే జర్మన్ కళాకారుడిది. జపాను వాళ్ల అన్నం డబ్బా అతనికి ప్రేరణ. దాని హార్డ్ డిస్క్ తీసి పెట్టుకోవచ్చు. ఆ వంశపు యంత్రాలకు ఏ స్క్రూ ఎక్కడిది, ఏది ముందు విప్పాలి అని బొమ్మలతో చెప్పే మరమ్మతు గ్రంథాలను ఐబీఎం అందరికీ అందుబాటులో వుంచింది. 2005లో ఆ వ్యాపారాన్ని కొన్న చైనా కంపెనీ లెనోవో కూడా ఆ పద్ధతి మానలేదు. ఆపిల్ కూడా ఆ రోజుల్లో పూర్తిగా మూసుకుపోలేదు. 1998 తరువాత వచ్చిన పవర్‌బుక్ జి-3లో రెండు చిన్న మీటలు లాగితే కీబోర్డు పైకి లేచి లోపలిభాగం కనిపించేది. 2006 నాటి మ్యాక్‌బుక్ బ్యాటరీని ఒక నాణెంతో తిప్పి తీయవచ్చు. దాని వెనక మూడు స్క్రూలు విప్పితే ర్యామూ హార్డ్ డిస్కూ చేతికి వచ్చేవి. కనుక సన్నగా అందంగా వుండాలంటే మూసెయ్యక తప్పదన్న వాదాన్ని తొలినుంచీ వున్న ప్రకృతి నియమంగా తీసుకోకూడదు. అది ఒక తేదీన మొదలయింది.

ఆ తేదీ 2008 జనవరి. జాబ్స్ ఒక వేదిక మీద కాగితపు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీశాడు. సభ చప్పట్లు కొట్టింది. దాని ర్యామ్ 2 గిగాబైట్లు, బోర్డుకు అతికించినది. పెంచే మార్గం లేదు. 2009లో అదే కంపెనీ ఖరీదైన మ్యాక్‌బుక్ ప్రోలలో బ్యాటరీ లోపలికి పోయింది. ఆ వెంటనే అయిదు రేకుల స్క్రూలు వచ్చాయి. వాటికి సరిపడే మొన బజారులో లేదు కనుక, తెరవడమనే పనినే దొంగతనంగా కనబడేట్టు చేసిన స్క్రూలవి. 2012 జూన్‌లో వచ్చిన రెటీనా తెర మ్యాక్‌బుక్ ప్రోతో ఈ క్రమం ఒక మెట్టు దాటింది. ర్యామ్ బోర్డుకు అతికింది. బ్యాటరీ స్క్రూలతో కాక జిగురుతో అతికింది. ధర 2,199 డాలర్ల నుంచి మొదలు. 8 గిగాబైట్ల ర్యామ్ చాలదనుకునేవాడు కొనేరోజునే ఇంకో 200 డాలర్లు పెట్టి 16 తీసుకోవాలి. రేపటి అవసరం ఇవాళే తెలిసివుండాలన్న మాట. విప్పి చూసిన ఐఫిక్సిట్ సంస్థ దానికి బాగుచేసే వీలులో పదికి ఒక మార్కు వేసింది. ఆ సంస్థ పుట్టుకే ఒక కథ. 2003లో కాలిఫోర్నియాలో కైల్ వీన్స్ అనే విద్యార్థి తన ఐబుక్ చెడిపోతే మరమ్మతు పుస్తకం ఎక్కడా దొరకక, స్నేహితుడితో కలిసి తానే రాయడం మొదలుపెట్టాడు. 1981లో కంపెనీ అమ్మిన పుస్తకాన్ని 2003లో విద్యార్థి రాసుకోవలసి వచ్చింది.

ఒక కంపెనీని మాత్రమే నిందించి వూరుకుంటే విషయం అర్థం కాదు. 2012లోనే లెనోవో కూడా ఎక్స్-1 కార్బన్ అనే సన్నని థింక్‌ప్యాడ్‌లో ర్యామ్‌ను అతికించింది. 2018 నాటి టి-480 తరువాత ఆ వరసలో బయటినుంచి బ్యాటరీ తీసే ఏర్పాటు పోయింది. 2017లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన సర్ఫేస్ ల్యాప్‌టాప్‌కు ఐఫిక్సిట్ సున్నా ఇచ్చింది. దాన్ని పాడుచేయకుండా తెరవడమే సాధ్యం కాలేదు. గుడ్డ అతికించిన ఆ పైభాగాన్ని చింపితే గాని లోపలికి దారి లేదు. ఒకరి లాభం చూసి మరొకరు దిగారు. ముందుగా ఖరీదైన తరగతిలో మొదలైనది ఏళ్లు గడిచేకొద్దీ కింది తరగతికి దిగింది.

ఖరీదైన తరగతిలోనే ముందు ఎందుకు? నా అభిప్రాయంలో ఈ చరిత్రకు కీలకం ఇక్కడ వుంది. నా చిన్నతనంలో మా వీధికి కళాయి వేసేవాడు వచ్చేవాడు. మట్టికుండ పగిలితే పారేసేవాళ్లం గాని, ఇత్తడి గుండిగ చిల్లుపడితే మాటు వేయించేవాళ్లం. పట్టుచీరకు రఫూ వుండేది, గోనెపట్టాకు లేదు. విలువైనదే బాగుచేయించవలసినది అన్నది అప్పటి ఇంగితం. రాజమండ్రి రత్నం పెన్ను కొన్నవాడు పాళీ అరిగితే మార్చుకున్నాడు, పెన్ను మార్చలేదు. ఈ ఇంగితం తలకిందులయింది. ఇవాళ ఖరీదైన వస్తువు కొనేవాడు దాన్ని బాగుచేయించుకునేవాడు కాడు, మూడునాలుగేళ్లకు కొత్తది కొనేవాడు అని కంపెనీ అతన్ని ఊహించుకుంది. అతడూ ఆ ఊహకు తగ్గట్టు మారాడు. స్క్రూ తల కనిపించడం మోటుతనమయింది, అతుకు కనబడని నునుపు అంతస్తుకు గుర్తయింది. వస్తువూ రూపమూ అని దశాబ్దాలుగా వాదించుకుంటున్న మనకు ఇది కొత్త సంగతి కాకూడదు. రూపం కోసం వస్తువును బలిపెట్టిన కవిత్వాన్ని ఎత్తిచూపిన మన విమర్శకులే, ఇలాంటి యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని దాని నాజూకుతనాన్ని మెచ్చుకోవడం నేను చూశాను. మెచ్చుకున్నవాళ్లలో నేనూ వున్నాను.

ఇక్కడ కంపెనీల పక్షాన చెప్పవలసినది కూడా చెప్పాలి. తక్కువ విద్యుత్తుతో వేగంగా పనిచేసే ర్యామ్‌కు ప్రాసెసరు పక్కనే వుండటం అవసరం. గాడిలో దూర్చిన పాత రకం ర్యామ్ ఆ దూరానికి, ఆ వేగానికి ఆగదు. 2020 నవంబరులో ఆపిల్ తన సొంత ఎం-1 ప్రాసెసరుతో ర్యామ్‌ను ఒకే పొట్లంలో కలిపేసినప్పుడు, ఛార్జింగు లేకుండా రోజంతా నడిచే యంత్రం నిజంగానే వచ్చింది. ఇది మాయమాట కాదు. కాని బ్యాటరీని జిగురుతో అతికించడానికి ఈ కారణం వర్తిస్తుందా? కీబోర్డును రివెట్లతో బిగించడానికి వర్తిస్తుందా? 2015 నుంచి 2019 దాకా మ్యాక్‌బుక్‌లకు పెట్టిన పలుచని "బటర్‌ఫ్లై" కీబోర్డు సంగతే తీసుకోండి. దుమ్ము రేణువు దూరితే అక్షరం పడదు, లేదా రెండుసార్లు పడుతుంది. ఆ ఒక్క మీట కోసం పైభాగం మొత్తం మార్చాలి. దానికి బ్యాటరీ అతికి వుంటుంది కనుక అదీ మారాలి. విమర్శలు పెరిగాక 2018లో కంపెనీ ఉచితంగా బాగుచేయడానికి ఒప్పుకుంది. 2022లో అమెరికా కోర్టులో 5 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఒక దుమ్ము రేణువు ఇంత దూరం వెళ్లడానికి కారణం ఆ రేణువు గొప్పతనం కాదు.

ర్యామ్ విషయంలో చెప్పిన సాంకేతిక కారణం కూడా శాశ్వతం కాదని తరువాత తేలింది. 2022లో డెల్ కంపెనీ ఇంజనీర్లు ర్యామ్‌ను గాడిలో దూర్చకుండా, పలకలా పడుకోబెట్టి స్క్రూలతో బిగించే పద్ధతి తెచ్చారు. 2023 డిసెంబరులో అది పరిశ్రమకంతటికీ ప్రమాణమయింది. 2024లో ఆ పద్ధతిలో తక్కువ విద్యుత్తు రకం ర్యామ్‌తో ఒక థింక్‌ప్యాడ్ బజారులోకి వచ్చింది కూడా. 2021లో ఫ్రేమ్‌వర్క్ అనే చిన్న అమెరికన్ కంపెనీ ప్రతి భాగమూ విప్పి మార్చుకోగల పలుచని ల్యాప్‌టాప్‌ను అమ్మింది. స్క్రూ డ్రైవరు కూడా పెట్టెలోనే ఇచ్చింది. అయితే ఆ కంపెనీ కూడా 2025లో తెచ్చిన బల్లమీది యంత్రంలో ర్యామ్‌ను అతికించక తప్పలేదు. ఎంచుకున్న ప్రాసెసరుకు వేరే దారి దొరకలేదని చెప్పుకుంది. సమస్య తేలిక కాదని దీనివల్ల తెలుస్తుంది. సున్నా తెచ్చుకున్న మైక్రోసాఫ్ట్ రెండేళ్ల తరువాత 2019లో తెరిచే యంత్రం చేసి అయిదు మార్కులు తెచ్చుకుంది. చేయదలచుకుంటే చేయగలరనీ దీనివల్ల తెలుస్తుంది.

ర్యామ్ కన్నా మనల్ని ఎక్కువ కలవరపెట్టవలసినది రాత దాచుకునే చోటు. పూర్వం యంత్రం చచ్చిపోయినా హార్డ్ డిస్క్ తీసి మరోదానికి తగిలిస్తే రాత బతికేది. ఎందరి నవలలు అలా దక్కాయో! 2016 తరువాత మ్యాక్‌బుక్ ప్రోలలో ఆ నిల్వ చిప్పులు కూడా బోర్డుకు అతికాయి. 2018 నుంచి ప్రత్యేకమైన చిప్పు ఒకటి ఆ రాతనంతా సంకేతాల్లోకి మార్చి, తాళంచెవి తన దగ్గరే వుంచుకుంటోంది. ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడితే ఇది గొప్ప రక్షణ. బోర్డు కాలిపోతే మాత్రం రాసినవాడు కూడా దొంగతో సమానమే. కంపెనీలు దీనికి చెప్పే జవాబు, నెలనెలా రుసుము తీసుకుని తమ దూరపు గిడ్డంగుల్లో నకలు దాచిపెట్టుకోమని. నకలు దాచుకోవడం మంచి అలవాటే, కాదనను. కాని సొంత పెట్టెలో దాచుకున్నది సొంతం కాకపోవడానికి అది జవాబు కాదు.

చట్టం ఆలస్యంగా మేల్కొంది. 2021 నుంచి ఫ్రాన్సులో ల్యాప్‌టాప్ అమ్మేచోట బాగుచేసే వీలుకు ఇన్ని మార్కులని ధర పక్కన రాయాలి. అమెరికాలో న్యూయార్కు, కాలిఫోర్నియా, మిన్నెసోటా రాష్ట్రాలు విడిభాగాలూ పుస్తకాలూ పనిముట్లూ బయటి పనివాళ్లకు కూడా ఇవ్వాలని చట్టాలు చేశాయి. ఒరెగాన్ 2024లో ఇంకో అడుగు వేసి, ఒక యంత్రపు భాగాన్ని మరోదానిలో పెడితే పనిచేయనివ్వని సాఫ్ట్‌వేర్ ముడిని నిషేధించింది. బ్యాటరీలు కొన్నవాడే తీసి మార్చుకునేట్టు వుండాలన్న ఐరోపా నిబంధన 2027 ఫిబ్రవరి నుంచి అమలు కావలసి వుంది. మన దేశంలో ఈ ప్రశ్న ముందుగా కార్లతో వచ్చింది. విడిభాగాలను బయటి మెకానిక్కులకు అందనివ్వలేదని 14 కార్ల కంపెనీలకు 2014లో పోటీ కమిషన్ రెండున్నర వేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ "బాగుచేయించుకునే హక్కు" మీద ఒక సంఘాన్ని వేసి, ఆ ఏడాది చివర ఒక పోర్టల్ తెరిచింది. పోర్టల్‌లో కంపెనీ సర్వీసు సెంటర్ల చిరునామాలు దొరుకుతాయి. పార్క్‌లేన్ కుర్రాడికి కావలసినది చిరునామా కాదు.

అతనికి కావలసినది తీగల పటం. బోర్డు మీద ఏ చిన్న భాగం కాలిందో వెతకాలంటే ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలియాలి. కాలిన ఒక్క భాగాన్ని, వంద రూపాయలు కూడా చెయ్యనిదాన్ని, మారిస్తే బోర్డు లేస్తుంది, బోర్డు లేస్తే తాళంచెవి లేస్తుంది, అధ్యాయాలు బయటికి వస్తాయి. అతని కంప్యూటర్‌లో అలాంటి పటాలు చాలా వున్నాయి. ఏ కంపెనీ ఇచ్చినవీ కావు. ఎక్కడో ఫ్యాక్టరీ నుంచి జారి, చేతులు మారి వచ్చినవి. ఐబీఎం 1981లో పుస్తకంగా అచ్చువేసి అమ్మిన సమాచారాన్ని ఇవాళ ఒక పనివాడు దొంగసొత్తులా దాచుకోవలసి వస్తోంది. అతడు చదివింది ఇంటర్మీడియట్, ఆ పైన అమీర్‌పేటలో కొన్ని నెలల కోర్సు. సూక్ష్మదర్శిని కింద వెంట్రుక మందం తీగలు అతికిస్తాడు. ఇలాంటి పనితనాన్ని మనం ఏ కథలోనూ రాసినట్టు నాకు గుర్తు లేదు. మగ్గం మీద, నాగలి మీద, బీడీ ఆకు మీద రాశాం. ఈ బల్ల ముందు కూర్చున్నవాడి మీద ఇంకా రాయలేదు.

ఆ అమ్మాయి మొదటి అధ్యాయం పర్యవేక్షకుడికి పంపిన మెయిల్‌లో దొరికింది. రెండోది సగం ఒక సెమినార్ పత్రంలో వుంది. మూడోదాన్ని చేతిరాత నోటు పుస్తకాల నుంచి మళ్లీ రాస్తోంది. ఇంకో యంత్రం కొనే స్తోమత లేక, రాత్రిళ్లు నా థింక్‌ప్యాడ్ తీసుకుపోతుంది. దానికి కూడా గండం లేకపోలేదు. 2025 అక్టోబరుతో దానిలోని విండోస్ 10కు కంపెనీ సాధారణ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు అందులో లేదు. స్క్రూలన్నీ చక్కగా తిరుగుతున్న యంత్రానికి ఈసారి తాళం పైనుంచి పడింది. లైనక్స్ ఎక్కించి నడుపుతున్నాం. పాత డీటీపీ ఫాంట్ల ఫైళ్లు తెరవడంలో కొంత తిప్పలు వున్నా, యూనికోడ్ తెలుగుకు ఇబ్బంది లేదు. ఈ వ్యాసం కూడా దాని మీదనే రాశాను.

చనిపోయిన బోర్డు మాత్రం ఆ కుర్రాడి దగ్గరే వుంది. ఆ మోడలు పటం తన దగ్గర లేదట. "బయట ఎక్కడన్నా వచ్చిందంటే ఫోన్ చేస్తా సార్, పారెయ్యకండి" అని, ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మీద స్కెచ్ పెన్నుతో అమ్మాయి పేరు రాసి, అరలో పెట్టాడు. ఆ అరలో అలాంటి సంచులు ఇంకా చాలా వున్నాయి.